ఇండక్షన్ స్టవ్, ఓవెన్, హాబ్: వంటింటికి సరైన వైరు ఎంచుకోవడం ఎలా

ఏసీ కొంటే ఎవరూ చెప్పకుండానే విడిగా లైను లాగించి, గోడకు బాక్సు బిగించుకుంటాం. ఇండక్షన్ స్టవ్ కొంటే మాత్రం మిక్సీ ప్లగ్గు పీకేసి అందులోనే గుచ్చుతాం. ఒకటిన్నర టన్నుల ఏసీ కన్నా 2000 వాట్ల స్టవ్ ఎక్కువ కరెంటు లాగుతుందన్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాదు. మొదటి వారం ఏమీ కాదు. కొన్ని నెలలకు ప్లగ్గు పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, బోర్డు దగ్గర కమురు వాసన మొదలవుతుంది. అప్పుడు తిట్లు తినేది స్టవ్. తప్పు చాలాసార్లు వైరుది, సాకెట్‌ది.

కరెంటు మీటరు దగ్గర బయల్దేరి గిన్నె కిందకు చేరేలోపు ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు), గోడలో వైరు, స్విచ్చు, సాకెట్, ప్లగ్గు, కార్డు దాటాలి. వీటిలో ఏ ఒక్కటి సన్నగా ఉన్నా వేడంతా అక్కడే పుడుతుంది. అందుకే వైరు ఒక్కటే చూసి కొనడం కుదరదు. కింద చెప్పిన వరుసలో లెక్క వేసుకుంటూ రండి.

ముందు ఆంప్స్ తేల్చుకోండి

వస్తువు అడుగునో వెనకో చిన్న స్టిక్కరు ఉంటుంది. దాని మీద ఉన్న వాట్లను 230తో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. 1500 వాట్ల కెటిల్‌కు 6.5 ఆంప్స్. 2000 వాట్ల ఇండక్షన్‌కు 8.7. రెండు పొయ్యిల ఇండక్షన్ 3500 వాట్లయితే 15.2. అల్మారాలో బిగించే ఓవెన్లు సాధారణంగా 2500 నుంచి 3600 వాట్ల దాకా ఉంటాయి కనుక 11 నుంచి 16 ఆంప్స్. నాలుగు పొయ్యిల ఇండక్షన్ హాబ్ (ప్లాట్‌ఫాంలోకి దించి బిగించే స్టవ్) 7200 వాట్లుంటే 31.3.

మైక్రోవేవ్ దగ్గర ఒక తిరకాసు ఉంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో వేసే 800 వాట్లు అన్నానికి అందే వేడి. అది గోడ నుంచి లాగే కరెంటు 1200 వాట్లకు పైనే ఉంటుంది. మనకు కావాల్సింది స్టిక్కరు మీద ఇన్‌పుట్ అని రాసిన అంకె.

సాయంత్రం వోల్టేజీ 200కు పడిపోయే ఊళ్లలో ఇంకో తేడా గమనించండి. కాయిల్ హీటరు, ఓటీజీ (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) లాంటివి వోల్టేజీ తగ్గితే కరెంటు కూడా తక్కువే లాగుతాయి. వేడిలో నాలుగో వంతు దాకా తగ్గిపోయి, కేకు ఆలస్యంగా ఉడుకుతుంది, అంతే. ఇండక్షన్ స్టవ్‌లు చాలావరకు పవర్ తగ్గకుండా చూసుకుంటాయి. 2000 వాట్లు అలాగే ఇవ్వాలంటే 200 వోల్టుల దగ్గర 10 ఆంప్స్ లాగాలి. కాబట్టి లెక్కలో వచ్చిన దాని మీద కాస్త ఎక్కువే పట్టుకోండి.

ఒకే లైను మీద ఏమేం కలిసి నడుస్తాయో కూడా కూడండి. పొద్దున్నే ఇండక్షన్ మీద పాలు, పక్కన కెటిల్, మైక్రోవేవ్‌లో నిన్నటి కూర: మూడూ కలిపి 20 ఆంప్స్ దాటుతాయి. ప్లాట్‌ఫాం మీద మూడు సాకెట్లున్నా వెనక ఉన్నది ఒకే జత వైర్లయితే, మూడు సాకెట్లున్న లాభం గుచ్చుకోవడానికి మాత్రమే.

షాపులో అడిగే మందం

"రెండున్నర ఎంఎం వైరు" అంటే వైరు అడ్డుకొలత రెండున్నర మిల్లీమీటర్లని కాదు. రాగి అడ్డుకోత వైశాల్యం 2.5 చదరపు మిల్లీమీటర్లని. పైన ప్లాస్టిక్ తొడుగు మందంగా ఉన్నంత మాత్రాన వైరు లావు అయిపోదు. స్కేలు పెట్టి కొలిస్తే మోసపోతాం.

పాత ఇళ్లలో, పాత మేస్త్రీల నోట గేజి లెక్క వినిపిస్తుంది. త్రీ ట్వంటీటూ అంటే మూడు పోగులు, 22 గేజి: సుమారు 1.2 ఎంఎం. త్రీ ట్వంటీ దాదాపు 2 ఎంఎం. సెవెన్ ట్వంటీటూ సుమారు 2.8. సెవెన్ ట్వంటీ 4.6 వరకు వస్తుంది. "పవర్ పాయింట్‌కు త్రీ ట్వంటీ వేశాం" అని ఇంటి యజమాని చెబితే, అది 2.5 కన్నా సన్నం అని అర్థం చేసుకోవాలి. పాత ఇంట్లో తెల్లటి లోహం కనిపిస్తే అది అల్యూమినియం వైరు. దాని మీద ఇండక్షన్ పెట్టే ఆలోచన మానేసి, వంటింటికి కొత్తగా రాగి లైను లాగించండి.

గోడలో ఎంత వైరు: వేసవిని కలిపి లెక్క

పీవీసీ వైరులో రాగి 70 డిగ్రీలు దాటకూడదు. పట్టికల్లో ఉండే ఆంప్స్ చుట్టూ గాలి 30 డిగ్రీలున్నప్పటివి. మన దగ్గర మే నెలలో 30 డిగ్రీల మధ్యాహ్నం ఎక్కడుంది? విజయవాడలో, రామగుండంలో 45 మామూలే. చుట్టూ అంత వేడిగా ఉంటే వైరు తన వేడిని వదిలించుకోలేదు. 45 డిగ్రీలకు పట్టిక అంకెను 0.79తో గుణించాలి. ఒకే పైపులో రెండు లైన్లు కలిసి పోతే మళ్లీ 0.8తో గుణించాలి.

గోడకున్న పైపులో పోయే రాగి పీవీసీ వైరుకు, సింగిల్ ఫేస్ మీద, వరుసగా 30 డిగ్రీల్లో, 45 డిగ్రీల్లో, 45 డిగ్రీల్లో రెండు లైన్లు ఒకే పైపులో ఉంటే వచ్చే ఆంప్స్ ఇవి:

1.5 ఎంఎం: 17.5, 13.8, 11
2.5 ఎంఎం: 24, 19, 15
4 ఎంఎం: 32, 25, 20
6 ఎంఎం: 41, 32, 26
10 ఎంఎం: 57, 45, 36

ఈ అంకెల్లోనే వైరు ఎంపిక అంతా ఉంది. ఒక్క పొయ్యి ఇండక్షన్‌కు, ఓటీజీకి 2.5 ఎంఎం సరిపోతుంది, ఆ లైను మీద అదొక్కటే ఉంటే. రెండు పొయ్యిల 3500 వాట్ల స్టవ్‌కు 2.5 వేస్తే, పైపులో తోడు లైను లేనంత వరకే నడుస్తుంది. తోడుంటే అంచు మీద ఉన్నట్టే. దానికి 4 వేయండి. బిగించే ఓవెన్‌కూ 4 ఎంఎమ్మే మా సలహా, ఎందుకంటే ఓవెన్ గంటసేపు ఆగకుండా నడుస్తుంది. నాలుగు పొయ్యిల హాబ్‌ను సింగిల్ ఫేస్ మీద నడిపితే 6 ఎంఎం కనీసం, అదీ విడి పైపులో.

పై అంతస్తులో ఉండేవాళ్లు ఇంకో మెట్టు ఎక్కాలి. పైపు టెర్రస్ శ్లాబులో నుంచి వస్తే, ఎండకు కాలిన కాంక్రీటులో వైరు చుట్టూ 50 డిగ్రీలు ఉండొచ్చు. అప్పుడు 0.79 బదులు 0.71. 6 ఎంఎం వైరు 29 ఆంప్స్ దగ్గరే ఆగిపోతుంది, హాబ్‌కు కావాల్సింది 31. అక్కడ 10 ఎంఎం వేయాలి, లేదా పైపును శ్లాబులో కాకుండా గోడ మీదుగా దించాలి. రెండోది చవక.

దూరం సంగతి. మీటరు కింద, ఫ్లాటు మూడో అంతస్తులో అయితే వోల్టేజీ పడుతుంది. 16 ఆంప్స్ లోడుకు 20 మీటర్ల దూరంలో 1.5 ఎంఎం వైరు 9 వోల్టులు మింగేస్తుంది, 2.5 అయితే 6 కన్నా తక్కువ. ఆ 9 వోల్టులు ఎక్కడికో పోవు. గోడలో దాదాపు 150 వాట్ల వేడిగా మారతాయి. హాబ్ 31 ఆంప్స్‌తో 25 మీటర్ల దూరంలో ఉంటే 6 ఎంఎం మీద 5.7 వోల్టులు పడతాయి, ఫర్వాలేదు.

ఎర్త్ వైరు కూడా ఫేస్ వైరు మందమే వేయించండి. చాలామంది ఆకుపచ్చ వైరును 1 ఎంఎంతో సరిపెట్టి డబ్బు మిగిల్చామనుకుంటారు. లోపల షార్టయిన రోజు ఎంసీబీని పడగొట్టాల్సిన వందల ఆంప్స్ ఆ సన్న వైరులోనే పోవాలి.

ఎంసీబీ స్టవ్‌ను కాదు, వైరును కాపాడుతుంది

ఎంసీబీ అంకె వస్తువు లాగే ఆంప్స్ కన్నా ఎక్కువ ఉండాలి, వైరు మోయగలిగే ఆంప్స్ కన్నా తక్కువ ఉండాలి. 2.5 ఎంఎంకు 16, 4 ఎంఎంకు 20 (విడి పైపులో ఉంటే 25 కూడా), 6 ఎంఎంకు 32.

మే నెలలో 16 ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని 32 పెట్టించడం ఊళ్లో రోజూ జరిగే పని. ఎంసీబీ 30 డిగ్రీల దగ్గర సరిచూసి తయారుచేసిన వస్తువు. వేడెక్కిన డబ్బాలో, పక్క ఎంసీబీల వేడి కూడా తగులుతూ ఉంటే అది ముందే పడుతుంది. దానికి మందు లోడు విడగొట్టడం, లేదా వైరును, ఎంసీబీని కలిపి పెంచడం. 2.5 వైరు మీద 32 ఎంసీబీ పెడితే అది 36 ఆంప్స్ దాకా ఎంతసేపైనా ఊరుకుంటుంది, 46 ఆంప్స్‌ను కూడా గంట వరకు భరించవచ్చు. 19 ఆంప్స్ మోసే వైరులో 36 పోతే పుట్టే వేడి మూడున్నర రెట్లు. ఎంసీబీ పడదు. వైరు కాలుతుంది.

ప్లగ్గు సరిపోతుందా, నేరుగా కలపాలా

మన సాకెట్లు రెండు రకాలు: 6 ఆంప్స్, 16 ఆంప్స్. పిన్నులు చూస్తే తెలుస్తుంది. చిన్న ప్లగ్గు పిన్ను 5 మిల్లీమీటర్ల లావు, పవర్ ప్లగ్గు పిన్ను 7 మిల్లీమీటర్లు. పవర్ ప్లగ్గుతో వచ్చిన వస్తువును చిన్న సాకెట్‌లో పెట్టడానికి అమ్మే కన్వర్టరు ముక్క వంటింట్లో ఉండకూడని వస్తువు. అది పిన్ను సైజు మారుస్తుంది, వెనకున్న వైరు సైజు మార్చదు.

రెండు సైజుల పిన్నులూ పట్టే ఆరు కన్నాల సాకెట్ ఎంతో సౌకర్యం. కానీ లావు పిన్నుకు సాగిన పట్టీలు సన్న పిన్నును వదులుగా పట్టుకుంటాయి. ఇండక్షన్‌కు ఎప్పుడూ పవర్ ప్లగ్గే వాడే సాకెట్ ఒకటి విడిగా కేటాయించండి. వదులు పట్టు ఎంత పని చేస్తుందో చిన్న లెక్క: పిన్నుకూ పట్టీకీ మధ్య 0.1 ఓమ్ అడ్డు ఉంటే, 15 ఆంప్స్ దగ్గర అక్కడే 22 వాట్ల వేడి. అగ్గిపెట్టంత చోటులో సోల్డరింగ్ ఐరన్ పెట్టినట్టు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు గురించి ఒకటే మాట: వద్దు. చౌకవాటిలో 0.75 ఎంఎం కార్డు ఉంటుంది, అది 6 ఆంప్స్‌కు. మిగిలిన కార్డును చుట్టచుట్టి పెడితే లోపలి చుట్టలకు గాలి తగలక అక్కడే మెత్తబడి అతుక్కుపోతుంది.

15 ఆంప్స్ దాటే వస్తువుకు మామూలు పవర్ ప్లగ్గు మీద ఆధారపడకండి. 3500 వాట్ల స్టవ్‌కు, ఓవెన్‌కు ఏసీలకు బిగించే లోహపు బాక్సు లాంటిది వాడొచ్చు: లోపల డబుల్ పోల్ (ఫేస్‌నూ న్యూట్రల్‌నూ కలిపి తెంచే) ఎంసీబీ, 20 లేదా 25 ఆంప్స్ సాకెట్ ఉంటాయి. హాబ్‌కైతే ప్లగ్గే ఉండదు. గోడలోంచి వచ్చిన వైరు 32 ఆంప్స్ డబుల్ పోల్ స్విచ్చులోకి, అక్కడి నుంచి నేరుగా హాబ్‌లోకి. ఆ స్విచ్చు హాబ్‌కు సరిగ్గా వెనక గోడ మీద పెట్టకండి. నూనె మంటలు లేచినప్పుడు వాటి మీదుగా చెయ్యి చాపాల్సి వస్తుంది. పక్కకు, చేతికందే దూరంలో ఉండాలి. ఓవెన్ సాకెట్ కూడా ఓవెన్ వెనక కాకుండా పక్క అరలో రావాలి. వెనక పెడితే ప్లగ్గు మందానికి ఓవెన్ పూర్తిగా లోపలికి పోదు, తీయాలంటే ఓవెనంతా బయటికి లాగాలి.

గల్ఫ్ నుంచి వచ్చే వస్తువులకు చదరపు పిన్నుల 13 ఆంప్స్ ప్లగ్గు ఉంటుంది. దాని లోపల ఒక ఫ్యూజు కూడా ఉంటుంది. ఆ ప్లగ్గు కోసేసి చిన్న ప్లగ్గు బిగిస్తే ఫ్యూజూ పోయింది, పట్టూ పోయింది. కోయాల్సి వస్తే 16 ఆంప్స్ ప్లగ్గు బిగించి, 16 ఎంసీబీ ఉన్న లైను మీదే వాడండి. ఎక్కడైనా పనికొస్తుందని అమ్మే అడాప్టర్లు చాలావాటిలో ఎర్త్ కలవదు. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల వస్తువుకు ఏ వైరు వేసినా లాభం లేదు. 1500 వాట్ల కాయిల్ 230 వోల్టుల మీద అయిదున్నర వేల వాట్లు లాగబోయి మాడిపోతుంది.

వస్తువుకూ గోడకూ మధ్య కార్డు

కార్డు సైజులు గోడ వైరు కన్నా ఒక మెట్టు తక్కువగా కనిపిస్తాయి. 6 నుంచి 10 ఆంప్స్‌కు 1 ఎంఎం, 16 వరకు 1.5, 25 వరకు 2.5, 32 వరకు 4, 40 వరకు 6. ఇదేంటి, గోడలో 6 అన్నారుగా అనిపించవచ్చు. కార్డు పొట్టిగా, బయటి గాలిలో ఉంటుంది. గోడలో వైరు పైపులో ఉక్కిరిబిక్కిరవుతుంది. హాబ్ కార్డును మాత్రం మూసేసిన అల్మారా అరలోంచి తీసుకెళ్తే ఒక సైజు పెంచడమే మంచిది. కంపెనీ పుస్తకంలో సైజు రాసి ఉంటే దానికి తగ్గకండి.

సైజు ఎంత ముఖ్యమో తొడుగు కూడా అంతే ముఖ్యం. మామూలు పీవీసీ కార్డు వేడి లోహానికి ఆనితే మెత్తబడుతుంది. ఇండక్షన్ స్టవ్‌కు పీవీసీ కార్డు ఫర్వాలేదు, దాని ఒళ్లు అంతగా కాలదు. ఓటీజీ వెనక రేకుకూ, కాయిల్ హాట్‌ప్లేట్‌కూ దగ్గరగా పోయే కార్డు రబ్బరుది కావాలి. ఓవెన్ లోపలి భాగాల దగ్గర అయితే సిలికాన్ తొడుగు వైరు, అది 180 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. సిలికాన్‌కు ఒక బలహీనత ఉంది: పదునైన రేకు అంచు తగిలితే ఇట్టే చిరుగుతుంది, రంధ్రంలోంచి పోయే చోట గ్రామెట్ (అంచు కోయకుండా తొడిగే రింగు) తప్పనిసరి.

కార్డు మార్చేటప్పుడు మూడు వైర్లున్న గుండ్రటి కార్డే తీసుకోండి. రెండు వైర్ల మెలిక వైరు లైట్లకు. కార్డు పొడవు ఒకటిన్నర మీటర్లు దాటనవసరం లేదు. అందకపోతే సాకెట్‌ను దగ్గరికి జరపండి, కార్డును పొడిగించి టేపు చుట్టకండి. కార్డు సింకు మీదుగా, గ్యాస్ పొయ్యి వెనకగా పోకుండా చూసుకోండి.

ప్లగ్గు బిగించే పద్ధతి: బయటి తొడుగు 4 సెంటీమీటర్లు ఒలవండి. ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా ఒకటిన్నర సెంటీమీటరు పొడవుగా ఉంచండి. ఎవరైనా కార్డు పట్టి లాగితే ఎర్త్ ఆఖరున ఊడాలి. కొనలు 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఒలిచి, పోగులు ఒక్కటి కూడా తెగకుండా మెలిపెట్టండి. రెండు పోగులు తెగినా ఫర్వాలేదనుకుంటూ నాలుగు తెంపేస్తుంటాం. కొనకు లగ్గు (చిన్న లోహపు తొడుగు) నొక్కితే మరీ మంచిది. సోల్డర్ మాత్రం పూయకండి. మెత్తటి సీసం స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా అణిగి వదులైపోతుంది. చివరగా ప్లగ్గులోని క్లాంపు బయటి తొడుగును పట్టుకోవాలి, లోపలి రంగు వైర్లను కాదు.

నీలం రంగు చేసే మోసం

కార్డులో గోధుమరంగు ఫేస్, నీలం న్యూట్రల్, పసుపు-ఆకుపచ్చ చారలది ఎర్త్. మన గోడల్లో అయితే ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేస్‌లే, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అంటే త్రీఫేస్ ఇంట్లో గోడలోంచి వచ్చే నీలం వైరులో కరెంటుంది, హాబ్ కార్డులోని నీలం న్యూట్రల్. నీలానికి నీలం కలిపేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. రంగును నమ్మకండి, మల్టీమీటరుతో చూసి కలపండి. టెస్టరు లైటు వెలిగిందా లేదా అన్నది ఇక్కడ చాలదు.

నాలుగు పొయ్యిల హాబ్: ఒక ఫేసా, రెండు ఫేసులా

హాబ్ అడుగున మూత తీస్తే టెర్మినళ్లు, వాటి మధ్య రాగి పట్టీలు కనిపిస్తాయి. పక్కనే స్టిక్కరు మీద బొమ్మ ఉంటుంది. సింగిల్ ఫేస్ అయితే ఎల్1, ఎల్2 టెర్మినళ్లను పట్టీతో కలపాలి, 31 ఆంప్స్ ఒకే వైరులో వస్తాయి. రెండు ఫేసులైతే పట్టీ తీసేయాలి, ఒక్కో ఫేసులో 16 ఆంప్స్ లోపే. పట్టీ తీయకుండా రెండు ఫేసులు కలిపితే 400 వోల్టుల షార్టు. స్విచ్చు వేసీ వేయగానే పేలుతుంది. ఈ పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

రెండోది దీనికన్నా మోసకారి, ఎందుకంటే వెంటనే ఏమీ కాదు. సింగిల్ ఫేస్ ఇంట్లో 6 ఎంఎం లాగే ఓపిక లేక, రెండు 16 ఎంసీబీల నుంచి రెండు 2.5 ఫేస్ వైర్లు తెచ్చి, ఒకే 2.5 న్యూట్రల్‌తో సరిపెడతారు. వేర్వేరు ఫేసులైతే తిరుగు కరెంటులు కొంత రద్దయి న్యూట్రల్‌లో 16 ఆంప్సే పోతుంది. ఇక్కడ రెండూ ఒకే ఫేసు కాబట్టి 31 ఆంప్స్ కూడి న్యూట్రల్‌లోకి వస్తుంది. న్యూట్రల్‌కు ఎంసీబీ లేదు. ఎవరూ ఆపరు. పరీక్ష సులువు: ఎల్1, ఎల్2 మధ్య మల్టీమీటరు పెట్టండి. 400 చుట్టూ చూపిస్తే వేర్వేరు ఫేసులు. సున్నా చూపిస్తే ఒకే ఫేసు, అప్పుడు న్యూట్రల్ 6 ఎంఎం ఉండాల్సిందే.

రెండు ఫేసుల పద్ధతిలో న్యూట్రల్ స్క్రూ వదులైతే హాబ్‌లోని రెండు సగాలూ 400 వోల్టుల మధ్య ఇరుక్కుంటాయి, సర్క్యూట్ బోర్డు మాడుతుంది. అందుకే రెండు ఫేసులనూ ఒకేసారి తెంచే, కలిసి పడే ఎంసీబీ పెట్టాలి, న్యూట్రల్ స్క్రూను రెండుసార్లు బిగించి చూడాలి. హాబ్ కొనకముందే కరెంటు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో చూడండి. అక్కడ 2 కిలోవాట్లు రాసి ఉంటే, 7 కిలోవాట్ల హాబ్‌కు ముందు డిస్కంకు (కరెంటు సరఫరా సంస్థకు) లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి. మీటరు దగ్గరి సర్వీసు వైరు సంగతి కూడా అప్పుడే తేలుతుంది.

ఎర్త్ లేకపోతే "జిమ్ము"మంటుంది

ఓవెన్ తలుపు పట్టుకుంటే చెయ్యి జిమ్మంటోందంటే చాలాసార్లు ఓవెన్ పాడైనట్టు కాదు. ఇలాంటి వస్తువుల లోపల ఫేస్ నుంచి, న్యూట్రల్ నుంచి వాటి లోహపు ఒంటికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ కలవకపోతే ఒంటి మీద సగం వోల్టేజీ, దాదాపు 115, నిలబడుతుంది. మల్టీమీటరులో 115 చుట్టూ కనిపిస్తే ఎర్త్ తెగిందని అర్థం. 230 చుట్టూ వస్తే లోపల ఫేస్ ఒంటికి తగిలింది, వెంటనే ప్లగ్గు తీయండి. సాకెట్‌లో ఎర్త్ కన్నం ఉండటం వేరు, దాని వెనక వైరు ఉండటం వేరు. ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేసి "సెట్ చేశాం" అనే మేస్త్రీని ఇంకోసారి పిలవకండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజు ఓవెన్ ఒళ్లంతా 230.

వంటింటి లైనుకు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పసిగట్టి తెంచే స్విచ్చు) పెట్టించండి. ఇండక్షన్ ఉంటే అందులో 'A' టైపు తీసుకోండి. పాత 'AC' టైపు, ఎలక్ట్రానిక్ వస్తువుల నుంచి వచ్చే ఒకవైపు లీకేజీని పసిగట్టకపోవచ్చు. వానాకాలంలో, నెలల తర్వాత ఓటీజీ వేయగానే ఆర్‌సీసీబీ పడిపోతే కంగారు పడకండి. హీటింగ్ రాడ్డు లోపల మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది, అది చెమ్మ పీల్చుకుంటుంది. ఓటీజీని రెండు రోజులు ఎండలో పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ పడితే రాడ్డు మార్చాలి. ఎర్త్ పిన్ను తీసేసి నడిపించడం మాత్రం పరిష్కారం కాదు, ఆర్‌సీసీబీ నోరు నొక్కడం.

వైరు కొనేటప్పుడు

వైరు మీద అడుగడుగునా ఐఎస్ 694 అనీ, ఐఎస్‌ఐ గుర్తూ, లైసెన్సు నంబరూ అచ్చయి ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. ఎఫ్ఆర్ అంటే మంట పాకనివ్వదు, ఎఫ్ఆర్ఎల్ఎస్ అంటే పొగ కూడా తక్కువ. వంటింటికి రెండోది తీసుకోండి. అయితే ఈ అక్షరాల వల్ల వైరు మోసే ఆంప్స్ పెరగవు.

నకిలీని పట్టడానికి రెండు పరీక్షలు. పోగులు లెక్కపెట్టండి: 0.3 మిల్లీమీటర్ల పోగులైతే 1.5కు 22, 2.5కు 36, 4కు 56, 6కు 84 ఉంటాయి. తర్వాత ఒక పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం, తిరిగి ఇచ్చేయండి. తూకం కూడా పనికొస్తుంది. 90 మీటర్ల 2.5 ఎంఎం చుట్టలో రాగే 2 కిలోల దాకా ఉంటుంది. తొడుగుతో కలిపి చుట్ట మొత్తం 2 కిలోలకు అటూ ఇటూ తూగితే రాగి తగ్గించారన్నమాటే.

బిగించాక చూడాల్సినవి

గోడలో లైను లాగడం, డబ్బాలో కలపడం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పని. మీరు చేయించుకోవాల్సినవి ఇవి. పైపు లోపల ఎక్కడా జాయింటు లేదని అడిగి నిర్ధారించుకోండి. జాయింటు ఉంటే జంక్షన్ బాక్సులోనే ఉండాలి. కరెంటు ఇవ్వకముందు, వస్తువులన్నీ విడదీసి, మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) 500 వోల్టుల దగ్గర ఫేస్‌కూ ఎర్త్‌కూ, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడమనండి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ రాకూడదు.

కరెంటు ఇచ్చాక సాకెట్ దగ్గర వోల్టేజీ రాసుకోండి. స్టవ్ మీద నీళ్లు పెట్టి పూర్తి పవర్‌లో నడుపుతూ మళ్లీ చూడండి. 228 ఉన్నది 223కు దిగితే సరే. 215కు దిగితే వైరు సన్నదో, ఎక్కడో స్క్రూ వదులో. అరగంట నడిచాక స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసి పట్టుకోండి. గోరువెచ్చగా ఉండొచ్చు. మూడు పిన్నుల్లో ఒక్కటే కాలుతుంటే సాకెట్‌లో ఆ వైపు పట్టీ వదులైంది, సాకెట్ మార్చండి. మూడూ చల్లగా ఉండి ప్లగ్గు లోపల వేడిగా ఉంటే ప్లగ్గు స్క్రూ చూడండి. నెల తర్వాత ఒకసారి మెయిన్ ఆపించి స్క్రూలన్నీ మళ్లీ బిగించమనండి. సన్న పోగుల వైరు మొదటి కొన్నాళ్లు వేడికి సర్దుకుంటూ కొద్దిగా వదులవుతుంది. ఆర్‌సీసీబీ మీదున్న టెస్టు బొత్తం ఆ రోజే నొక్కి చూడండి. నొక్కినా పడకపోతే దాన్ని ఆ సాయంత్రమే మార్పించండి.